తుమ్మినా దగ్గినా యూరిన్ లీక్ అవుతోందా? ముందు అది ఏ రకమో తేల్చుకోండి

తుమ్మొచ్చేలా ఉందంటే గబుక్కున కాళ్ళు దగ్గరికి పెట్టుకోవడం, ఎక్కడికెళ్ళినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసి పెట్టుకోవడం, ముదురు రంగు బట్టలే వేసుకోవడం, ప్రయాణం ఉన్న రోజు పొద్దుట్నుంచి గొంతు తడుపుకోకుండా ఉండటం... ఇవన్నీ చేసేవాళ్ళు మనలో బోలెడంతమంది ఉన్నారు, కానీ పక్కనున్న అక్కకో చెల్లికో కూడా చెప్పరు. కాన్పులయ్యాక ఇంతేలే, వయసొచ్చాక ఇంతేలే అని సర్దుకుపోతారు. చాలామందికి వచ్చేదే, నిజమే, కానీ చాలామందికి వస్తుంది కాబట్టి భరించాలని ఏం లేదండి. ఎక్కువ కేసుల్లో ఆపరేషన్ దాకా పోకుండానే బాగా తగ్గుతుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఎవరో చెప్పిన ఎక్సర్‌సైజో ఎవరికో రాసిన టాబ్లెట్టో పట్టుకుని మొదలుపెట్టేస్తారు, రెండు వారాలు చూసి ఏం తగ్గలేదని వదిలేస్తారు. లీక్ అవ్వడానికి కారణాలు వేరు వేరు, ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి అస్సలు పనిచెయ్యకపోవచ్చు.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే మిగతాది ఈజీగా అర్థమవుతుంది. పెద్దవాళ్ళ బ్లాడర్‌లో సుమారు 400 నుంచి 500 ఎంఎల్ దాకా పడుతుంది. 150, 200 ఎంఎల్ దగ్గర "కాస్త ఉంది" అని మొదటి కబురు వస్తుంది, అప్పుడే పరిగెత్తక్కర్లేదు. నిండుతున్నంతసేపు బ్లాడర్ గోడలోని కండ వదులుగా ఉండాలి, కింద దారిని మూసి ఉంచే కండరాలు బిగుతుగా ఉండాలి, బాత్రూమ్‌లో కూర్చున్నప్పుడు ఇది తిరగబడాలి. ఈ కింది కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటారు, ముందు ఎముక నుంచి వెనక వెన్ను చివర దాకా ఊయల కట్టినట్టు ఉండి బ్లాడర్‌ని, గర్భసంచిని, మలద్వారం దగ్గరి పేగుని మోస్తుంటాయి. కాన్పులు, ఏళ్ళ తరబడి ఉన్న దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ఎక్కువ బరువు, ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గడం, వీటివల్ల ఆ ఊయల సాగుతుంది.

మీది ఏ రకం?

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు, బిందె ఎత్తినప్పుడు, ఎగిరినప్పుడు చుక్కలు చుక్కలుగానో ఒక్కసారి చిమ్మినట్టుగానో పడుతోంది, ఆ పని ఆగగానే లీక్ కూడా ఆగిపోతోంది అంటే అది స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ (ఇన్‌కాంటినెన్స్ అంటే యూరిన్ ఆపుకోలేకపోవడం, స్ట్రెస్ అంటే ఇక్కడ మనసు మీది ఒత్తిడి కాదు). పొట్టలో ప్రెజర్ పెరిగినప్పుడు కింద మూత గట్టిగా పడటం లేదన్నమాట. ముందుగా "వస్తోంది" అనే ఫీలింగే ఉండదు దీంట్లో.

రెండోది అర్జ్ రకం. ఉన్నట్టుండి ఆపుకోలేనంత అర్జెంట్‌గా వస్తుంది, బాత్రూమ్ చేరేలోపే అయిపోతుంది. దీన్ని గుర్తుపట్టడానికి మంచి గుర్తు ఇంటి తలుపు. దారంతా ఏం లేదు, హాయిగా నడిచొచ్చారు, తాళంచెవి తాళంలో పెట్టారో లేదో ఒక్కసారిగా తన్నుకొస్తుంది, చెప్పులు కూడా విప్పకుండా పరుగు. కుళాయి తిప్పినప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు, చల్లనీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడు కూడా ఇలాగే అవుతుంది కొందరికి. ఇక్కడ బ్లాడర్ కండ నిండకముందే తనంతట తాను ముడుచుకుంటోంది, మెదడు కూడా కొన్ని సందర్భాలకి అలవాటు పడిపోయి ఉంటుంది. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి రావడం కూడా దీంతో కలిసి వస్తుంటుంది.

రెండూ కలిసి ఉండటం కూడా మామూలే, మిక్స్‌డ్ అంటారు. అప్పుడు ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోందో దాన్నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో రకం తక్కువే కానీ తెలిసి ఉండాలి. వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉండటం, ధార సన్నగా రావడం, రోజంతా కొంచెం కొంచెం కారుతూ ఉండటం. బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవ్వక పొంగిపోతోందన్నమాట, ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో నరాలు దెబ్బతిని, లేదా గర్భసంచి బాగా కిందికి జారి దారి మడతపడి ఇలా అవ్వచ్చు. దీనికి ఇంట్లో సొంత వైద్యం వద్దు. ఇక బ్లాడర్ బాగానే ఉండి మోకాళ్ళ నొప్పుల వల్లో చూపు ఆనకో టైమ్‌కి బాత్రూమ్ చేరలేకపోవడం వేరే సంగతి, దానికి మందు కన్నా మంచం పక్కన లైటు, బాత్రూమ్‌లో పట్టుకోడానికి రాడ్డు, త్వరగా విప్పుకోగలిగే బట్టలు ఎక్కువ పనిచేస్తాయి.

వీటికి మాత్రం ఆగకండి

యూరిన్‌లో రక్తం కనిపించినా, మంట, జ్వరం ఉన్నా, యూరిన్ అసలు రాక పొట్ట ఉబ్బినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నడుము నొప్పితో పాటు కాళ్ళల్లో బలం తగ్గడం, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినట్టు ఉండటం, దాంతోపాటు కొత్తగా లీక్ మొదలవ్వడం అంటే ఎమర్జెన్సీ, వెన్ను కింది నరాలు నొక్కుకుపోతున్నాయేమో అదే రోజు చూపించాలి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. కష్టమైన కాన్పు తర్వాతో గర్భసంచి ఆపరేషన్ తర్వాతో రాత్రీపగలూ తేడా లేకుండా ఆగకుండా కారుతుంటే లోపల రంధ్రం పడి ఉండచ్చు, ఫిస్టులా అంటారు, ఎక్సర్‌సైజుతో తగ్గేది కాదు అది. ఉన్నట్టుండి మొన్నటిదాకా లేనిది ఈ వారమే మొదలైతే ముందు యూరిన్ ఇన్‌ఫెక్షన్ టెస్ట్, షుగర్ టెస్ట్ చేయించుకోండి, చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది.

మూడు రోజుల లెక్క

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందే మీరు చెయ్యగలిగిన బెస్ట్ పని ఇదే, డబ్బులు ఖర్చు లేదు. ఒక చిన్న నోట్‌బుక్, గీతలున్న ఒక ప్లాస్టిక్ కొలత కప్పు (దీన్ని మళ్ళీ వంటింట్లోకి తేకండి బాబూ). మూడు రోజులపాటు ఏం తాగారు, ఎంత తాగారు, ఎప్పుడు వెళ్ళారు, ఎన్ని ఎంఎల్ వచ్చింది, లీక్ అయితే ఆ క్షణంలో ఏం చేస్తున్నారు అని రాయడమే. "ఉదయం 7:10, 350 ఎంఎల్. 8 గంటలకి టీ ఒక కప్పు. 8:40, 90 ఎంఎల్, అర్జెంట్ అనిపించింది. 9:15 తుమ్మితే తడిసింది, కొంచెం." ఇంత చాలు. మూడు రోజులూ వరసగానే ఉండక్కర్లేదు, ఇంట్లో ఉన్న రోజు ఒకటి, బయట తిరిగిన రోజు ఒకటి కలిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు దాన్ని చదవండి. పగలంతా కలిపి 6 నుంచి 8 సార్లు, రాత్రి ఒకసారి అంటే మామూలే. ప్రతిసారీ 80, 100 ఎంఎల్లే వస్తూ గంటకోసారి వెళ్తున్నారంటే అర్జ్ వైపు అనుమానం. కొలతలు బాగానే ఉండి లీకులన్నీ దగ్గు తుమ్ముల పక్కనే ఉంటే స్ట్రెస్ వైపు. రోజు మొత్తం మీద మూడు లీటర్లు దాటి వెళ్తుంటే, మీరు మరీ ఎక్కువ తాగుతున్నారో లేక షుగర్ ఉందో చూడాలి. పగలు కన్నా రాత్రే ఎక్కువ వస్తుంటే, సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయేమో చూసుకోండి, పడుకోగానే ఆ నీరంతా రక్తంలోకి వచ్చి యూరిన్‌గా మారుతుంది, అలాంటివాళ్ళు సాయంత్రం పూట ఓ గంట కాళ్ళు ఎత్తులో పెట్టుకుంటే రాత్రి లేవడం తగ్గచ్చు.

కెగెల్ చేసే పద్ధతి

1948లో అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే గైనకాలజిస్ట్ పెల్విక్ ఫ్లోర్ కండరాల్ని బిగించి వదిలే ఈ ఎక్సర్‌సైజ్ గురించి రాశాడు, ఆయన పేరే ఉండిపోయింది. స్ట్రెస్ రకానికి మొదటి మందు ఇదే, అర్జ్‌కి కూడా సాయపడుతుంది. అందరూ విన్నదే, కానీ కరెక్ట్‌గా చేసేవాళ్ళు తక్కువ, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మొదట్లో పడుకుని మోకాళ్ళు మడిచి చెయ్యండి, తేలిగ్గా ఉంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఎలా బిగబడతారు? అలా వెనక వైపు బిగించండి, ఆ బిగింపుని అలాగే ముందుకి తెచ్చి, యూరిన్ ఆపుకుంటున్నట్టు ముందు కూడా బిగించి, మొత్తాన్ని లోపలికి, పైకి లాగండి. బయటికి చూసేవాళ్ళకి ఏమీ తెలియకూడదు. పిరుదులు గట్టిపడుతున్నాయా, తొడలు దగ్గరికి వస్తున్నాయా, ఊపిరి బిగబట్టారా, అంటే వేరే కండరాలు చేస్తున్నాయి ఆ పని. ఊపిరి ఆపకుండా ఉండాలంటే పైకి వినపడేలా అంకెలు లెక్కపెడుతూ చెయ్యండి. అనుమానంగా ఉంటే చేతులు కడుక్కుని ఒక వేలు యోనిలో పెట్టి చూసుకోండి, వేలి చుట్టూ బిగుసుకుని లోపలికి లాగినట్టు తెలియాలి. లేదా చిన్న అద్దం పెట్టుకుని చూస్తే యోనికి మలద్వారానికి మధ్య చోటు పైకి లేవాలి. అది కిందికి ఉబ్బుతోందంటే మీరు ముక్కుతున్నారు, రివర్స్‌లో చేస్తున్నారు, అలా చేస్తే లాభం లేకపోగా ఇంకా నష్టం.

బిగించి ముందు 3 సెకన్లు, తర్వాత వారాల్లో 5, అలా 10 సెకన్ల దాకా పెంచుకోండి. ఎంతసేపు బిగించారో కనీసం అంతసేపు పూర్తిగా వదలాలి, ఈ వదలడం దగ్గరే చాలామంది తొందరపడతారు. ఇలా 8 నుంచి 10 సార్లు, ఆ తర్వాత ఠక్కున బిగించి ఠక్కున వదిలేవి ఇంకో 8 నుంచి 10. ఇది రోజుకి మూడు పూటలు. పడుకుని బాగా వచ్చాక కూర్చుని, తర్వాత నిలబడి చెయ్యాలి, ఎందుకంటే లీక్ అయ్యేది నిలబడ్డప్పుడే కదా.

యూరిన్ పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీస్ చెయ్యమని కొందరు చెప్తారు, అది రోజూ చేసే పని కాదు, బ్లాడర్ సరిగ్గా ఖాళీ అవ్వకుండా పాడవుతుంది. కండరం ఏదో తెలుసుకోడానికి ఎప్పుడో ఒకసారి చేస్తే చేశారు.

ఫలితం కనీసం మూడు నెలలు చేస్తే గానీ చెప్పలేం. మూడు వారాలకి వదిలేసి కెగెల్ పనిచెయ్యదు అనకండి. ఇంకోమాట, అందరికీ కెగెల్ మంచిది కాదు. కలయికలో నొప్పి, కింద ఎప్పుడూ బిగుసుకుపోయినట్టు ఉండటం ఉన్నవాళ్ళకి కండరాలు బలహీనంగా కాదు, మరీ బిగుతుగా ఉండి ఉండచ్చు, వాళ్ళు ముందు పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోవాలి. నిజానికి ఎవరైనా సరే ఒక్కసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర సరిగ్గా నేర్చుకుంటే నెలల టైమ్ కలిసొస్తుంది. లోపల పెట్టుకునే మెషిన్లు, యాప్‌లు, కూర్చునే కుర్చీలు కొనేముందు ఈ పని చెయ్యండి అని నా సలహా.

కండరం దొరికింది అనుకున్న రోజునుంచే ఇంకో చిన్న ట్రిక్ వాడచ్చు. తుమ్ము ముక్కు దాకా వచ్చింది, ఆ అర సెకనులో కింద బిగించండి, బిగించి ఉంచే తుమ్మండి, అయ్యాక వదలండి. దగ్గేముందు, బరువు ఎత్తేముందు, కుర్చీలోంచి లేచేముందు కూడా అంతే. మొదట్లో గుర్తుండదు, సగంసార్లు తుమ్మాక గుర్తొస్తుంది, పోనుపోను అలవాటైపోతుంది.

అర్జెంట్‌గా వచ్చేవాళ్ళకి

వచ్చిన వెంటనే పరిగెత్తడమే ఇక్కడ పెద్ద తప్పు. పరిగెత్తితే పొట్ట కుదుపుకి ప్రెజర్, కంగారు, కింద కండరం వదిలేస్తుంది. అలా తన్నుకొచ్చినప్పుడు ఉన్నచోటే ఆగిపోండి, వీలైతే గట్టి కుర్చీ మీద కూర్చోండి, కుర్చీ లేకపోతే కాళ్ళు క్రాస్ చేసి నిలబడండి. ఐదారుసార్లు ఠక్ ఠక్‌మని కింద బిగించండి, ఇలా బిగిస్తే బ్లాడర్ కండకి వదులవ్వమని సిగ్నల్ వెళ్తుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ మనసుని ఇంకోదాని మీదికి మళ్ళించండి, 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టడం లాంటిది ఏదైనా సరే. ఆ అర్జెన్సీ పెరిగి పెరిగి కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. తగ్గాక, అప్పుడు, మామూలు నడకతో వెళ్ళండి.

దీంతోపాటు బ్లాడర్ ట్రైనింగ్. నోట్‌బుక్ చూస్తే సగటున ఎంతసేపటికోసారి వెళ్తున్నారో తెలిసిపోతుంది కదా, గంట అనుకోండి. ఈ వారం గంటకోసారి, వచ్చినా రాకపోయినా వాచీ చూసి వెళ్ళండి. వచ్చే వారం గంటా పావు, ఆపై వారం గంటన్నర. అలా మూడు నాలుగు గంటలకోసారి దాకా తీసుకెళ్ళడం టార్గెట్. కనీసం ఆరు వారాలు పడుతుంది, మధ్యలో ఒక చెడ్డ వారం వస్తే వెనక్కి ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కండి. ఎందుకైనా మంచిదని గడప దాటే ప్రతిసారీ వెళ్ళే అలవాటు మానండి, కొంచెమే ఉన్నా ఖాళీ చేస్తూ పోతే బ్లాడర్‌కి అంతే అలవాటవుతుంది.

తాగేవి, తినేవి, బరువు

నీళ్ళు తగ్గిస్తే లీక్ తగ్గుతుంది అనుకుంటారు. తాగకపోతే యూరిన్ చిక్కబడి బ్లాడర్ గోడని ఇరిటేట్ చేస్తుంది, అర్జెన్సీ పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు. గుండె, కిడ్నీ సమస్యలకి డాక్టర్ లిమిట్ పెట్టనివాళ్ళు రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి, ఎండల్లో ఇంకాస్త ఎక్కువ, ఒకేసారి అరలీటరు గటగటా కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా. పడుకోడానికి రెండు మూడు గంటల ముందునుంచి తగ్గించుకోండి. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు అర్జ్ రకాన్ని బాగా ఎగదోస్తాయి. రెండు వారాలు తగ్గించి చూడండి, ఒక్కసారిగా ఆపితే తలనొప్పి వస్తుంది కాబట్టి మెల్లగా.

బరువు ఎక్కువున్నవాళ్ళకి బరువు తగ్గడం నిజంగా పనిచేస్తుంది. 2009లో వచ్చిన ఒక స్టడీలో అధిక బరువున్న ఆడవాళ్ళు ఆరు నెలల్లో సుమారు 8 శాతం బరువు తగ్గితే వారంలో లీకులు దాదాపు సగానికి తగ్గాయి. 80 కిలోలున్నవాళ్ళకి అది ఆరున్నర కిలోల లోపే. మలబద్ధకం ఉంటే దాన్ని సరిచెయ్యకుండా కెగెల్ ఎంత చేసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. దగ్గు తగ్గకపోతే దాని సంగతి చూడాలి, సిగరెట్ ఉంటే మానాలి.

మీరు వాడుతున్న మందుల లిస్ట్ కూడా ఒకసారి డాక్టర్‌కి చూపించండి. బీపీకి వాడే యూరిన్ టాబ్లెట్లు, కొన్ని బీపీ మందులతో వచ్చే పొడిదగ్గు, షుగర్‌కి వాడే కొన్ని కొత్త మందులు, నిద్రమాత్రలు, ఇవి లీక్‌ని పెంచచ్చు. అలాగని మీరే ఆపెయ్యకండి, ఒక్కోసారి వేసుకునే టైమ్ మారిస్తే సరిపోతుంది.

డాక్టర్ దగ్గర ఏముంటుంది

గైనకాలజిస్ట్ లేదా యూరాలజిస్ట్, ఎవరైనా పర్లేదు, రెండూ కలిసిన యూరోగైనకాలజిస్ట్ దొరికితే ఇంకా మంచిది. మీ నోట్‌బుక్ చూస్తారు, దగ్గమని చెప్పి పరీక్ష చేస్తారు, యూరిన్ టెస్ట్, వెళ్ళొచ్చాక ఎంత మిగిలిందో స్కాన్. బట్టలు తడిపేసుకుంటానేమో అని సిగ్గుపడకండి, వాళ్ళు చూడాల్సింది అదే.

అర్జ్ రకానికి మందులున్నాయి. సోలిఫెనసిన్, టోల్టెరొడిన్ లాంటివి బ్లాడర్ ముడుచుకోవడాన్ని తగ్గిస్తాయి, కానీ నోరు ఎండిపోవడం, మలబద్ధకం వస్తాయి, పెద్దవయసువాళ్ళలో మతిమరుపు, అయోమయం పెరగచ్చు, గ్లాకోమా (కంటిలో ప్రెజర్ పెరిగే జబ్బు) ఉంటే ముందే చెప్పాలి. మిరాబెగ్రాన్‌కి ఆ గొడవ తక్కువ, బీపీ మాత్రం చూసుకుంటూ ఉండాలి. ముట్లు ఆగిపోయినవాళ్ళకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా ఉపయోగపడుతుంది, నోటితో వేసుకునే హార్మోన్ మాత్రలకి మాత్రం లీక్‌ని పెంచే గుణం ఉంది, రెండూ ఒకటే అనుకోకండి. ఇవేవీ పనిచెయ్యకపోతే బ్లాడర్‌లోకి బొటాక్స్ (కండని వదులు చేసే మందు) ఇంజెక్షన్, నెలల తరబడి పనిచేస్తుంది, కొందరికి యూరిన్ రాక కొన్నాళ్ళు సొంతంగా ట్యూబ్ పెట్టుకోవాల్సి రావచ్చు, అది ముందే మాట్లాడుకోవాలి.

స్ట్రెస్ రకానికి యోనిలో పెట్టుకునే పెస్సరీ అనే రింగ్ ఉంది, ఎక్సర్‌సైజ్ చేసేటప్పుడు మాత్రమే లీక్ అయ్యేవాళ్ళకి చక్కగా సరిపోతుంది. ఆపరేషన్ అంటే ఎక్కువగా మూత్రనాళం కింద సన్నటి పట్టీ వెయ్యడం. సింథటిక్ మెష్ (ప్లాస్టిక్ వల లాంటి) పట్టీల వల్ల కొందరికి ఏళ్ళ తరబడి నొప్పులు వచ్చాయి, 2018లో బ్రిటన్‌లో వాటి వాడకాన్ని ఆపి రూల్స్ బిగించారు. మన ఒంట్లోని కణజాలంతోనే వేసే పట్టీ కూడా ఉంది. మీరు ఏది వేస్తారు, ఇప్పటిదాకా ఎన్ని చేశారు, తేడా వస్తే తీయగలరా అని నోరు తెరిచి అడగండి. ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఆపరేషన్ తర్వాతకి పెట్టుకోవడమే నయం.

ఈలోపు తడి సంగతి

ముట్టు ప్యాడ్లు దీనికి పనికిరావు. రక్తం నెమ్మదిగా వస్తుంది, యూరిన్ ఒక్కసారిగా వస్తుంది, ఆ ప్యాడ్ పీల్చుకునేలోపే పక్కలకి కారిపోతుంది, తడి ఒంటికి అంటుకునే ఉంటుంది. లీక్ కోసమే చేసిన ప్యాడ్లలో తడిని జెల్‌గా మార్చే పొడి ఉంటుంది, వాసన కూడా తక్కువ. తడిసిన వెంటనే మార్చుకోండి, సబ్బుతో గట్టిగా రుద్దకుండా మామూలు నీళ్ళతో కడిగి అద్ది ఆరబెట్టండి, పైన పెట్రోలియం జెల్లీ గానీ జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ పల్చగా రాయండి, మందంగా రాస్తే ప్యాడ్ తడిని పీల్చుకోలేదు. తొడల లోపల దురదతో పాటు ఎర్రగా, అంచుల్లో చిన్న చిన్న పొక్కులతో వస్తే అది ఫంగస్ అయి ఉండచ్చు, దానికి క్రీమ్ వేరే.